కవర్ వేసిన కారుకే గీతలు పడ్డాయి – కంచే చేను మేసిందా?

#1 నల్లబండి | ఆదివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి పోవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ కడుపు మండి రాస్తున్నా.

కారు కొని ఏడు నెలలైంది. నలుపు సెడాన్. కప్పున్న పార్కింగ్ లేదు, ఆరుబయట చెట్టు కిందే ఉంటుంది. ఎండ, దుమ్ము, పిట్ట రెట్టలు, చెట్టు జిగురు అన్నీ దాని నెత్తినే. అందుకే బండి వచ్చిన వారానికే కవర్ కొన్నాను. ప్యాకెట్ మీద వాటర్‌ప్రూఫ్, డస్ట్‌ప్రూఫ్, యూవీ ప్రూఫ్, స్క్రాచ్‌ప్రూఫ్ అని నాలుగు ప్రూఫులు రాసున్నాయి. రోజూ ఆఫీసు నుంచి రాగానే కప్పడం, పొద్దున్నే తీసి డిక్కీలో పడేయడం. జ్వరం వచ్చిన రోజు కూడా మానలేదు.

నిన్న రాత్రి పెట్రోల్ బంకులో తెల్ల లైట్ల కింద ఆపాను. అప్పుడు కనపడ్డాయి. డిక్కీ అంచున, సైడు అద్దాల చివర్లలో, తలుపు పిడుల చుట్టూ వెంట్రుకంత సన్నటి గీతలు. ఇంటికొచ్చి ఫోన్ టార్చ్ వేస్తే వెలుగు చుట్టూ సాలెగూడులా గుండ్రంగా మెరుస్తున్నాయి. అది చాలదన్నట్టు బానెట్ మధ్యలో అరచెయ్యంత తెల్లని మచ్చ, అద్దం మీద నోటితో ఊదినట్టు. తుడిస్తే పోవట్లేదు. షోరూంలో అడిగితే "కవర్ వాడారా సార్? అయితే మేమేం చేయలేం" అన్నారు.

కవర్ వేయని పక్కింటాయన కారు నాకంటే రెండేళ్లు పాతది. ఇంత దరిద్రంగా లేదు. చెప్పండి, మంచి కవర్ కొనాలా? అసలు మానేయాలా?


#2 స్టెప్నీ | ఆదివారం, రాత్రి 10:20

రోజూ వేసి రోజూ తీస్తున్నారా? జబ్బు అక్కడే ఉంది సార్.


#3 పాత గేరు | ఆదివారం, రాత్రి 10:41

రోజూ వేస్తే తప్పేంటండీ? నా బండికి తొమ్మిదేళ్లుగా కవరే. రంగు ఇప్పటికీ అద్దంలా ఉంది. నల్లబండి గారు నాసిరకం సరుకు కొనుంటారు. లోపల మెత్తటి నూలు పొర ఉన్నది తీసుకోండి, గొడవ వదిలిపోతుంది.


#4 స్టెప్నీ | ఆదివారం, రాత్రి 10:44

పాత గేరు గారూ, మీ బండి ఎక్కడుంటుంది?


#5 పాత గేరు | ఆదివారం, రాత్రి 10:46

షెడ్డులో.


#6 స్టెప్నీ | ఆదివారం, రాత్రి 10:46

వారానికి ఎన్నిసార్లు బయటికి తీస్తారు?


#7 పాత గేరు | ఆదివారం, రాత్రి 10:52

వారానికా... నెలకి రెండుసార్లు. సర్లెండి, అర్థమైంది.


#8 పాలిష్ మాస్టారు | సోమవారం, ఉదయం 6:30

రంగులు, పాలిష్ నా వృత్తి. కవర్ వేసిన బండ్లూ వేయని బండ్లూ రెండూ నా దగ్గరికే వస్తాయి కాబట్టి నాకు ఎటూ పక్షపాతం లేదు.

ముందు గీతల సంగతి. ఫ్యాక్టరీలో వేసిన రంగు మొత్తం మందం, కింది ప్రైమర్‌తో కలుపుకుని, మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. రెండు తల వెంట్రుకలు ఒకదానిమీద ఒకటి పెట్టినంత, అంతే. అందులో అన్నిటికంటే పైన ఉండే క్లియర్ కోట్ దాదాపు 40, 50 మైక్రాన్లు. మెరుపంతా దానిదే, ఎండ దెబ్బ కాచుకునేదీ అదే. పాలిష్ పట్టిన ప్రతిసారీ మేం చేసేది ఆ పొరలోంచే కాస్త తీసేయడం. తీసింది మళ్లీ రాదు. అందుకే "గీతలు పడితే పాలిష్ కొట్టిద్దాంలే" అనే మాట నాకు నచ్చదు, నా పొట్ట గడిచేది దానిమీదే అయినా.

దుమ్మంటే మెత్తటి పొడి అనుకుంటాం. వేళ్ల మధ్య నలిపి చూడండి, గరగరలాడుతుంది. అది ఇసుక. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గాజునే గీస్తుంది, క్లియర్ కోట్ దానికో లెక్కా? సాయంత్రం మీరు ఇంటికొచ్చేసరికి బండి మీద ఆ దుమ్ము పలచగా పరుచుకుని ఉంటుంది. దానిమీద కవర్ ఈ చివర్నుంచి ఆ చివరికి లాగుతారు. లోపల నూలు ఉన్నా పట్టు ఉన్నా ఒకటే, గీసేది గుడ్డ కాదు, మధ్యలో ఇరుక్కున్న రేణువు. రాత్రి గాలికి కవర్ ఊగినంతసేపూ అది రుద్దుతూనే ఉంటుంది. ఏడు నెలల్లో వేయడం, తీయడం కలిపితే నాలుగొందల సార్ల పైమాటే. కొత్త బండి మీద నాలుగొందల సార్లు ఉప్పుకాగితం ఆడించారు.

గీతలు పడ్డ చోట్లు చూడండి: డిక్కీ అంచు, అద్దాల చివర్లు, పిడులు. కవర్ బిగుసుకుని ఆనే చోట్లన్నీ అవే. రూఫ్ మధ్యలో టార్చ్ వేసి చూడండి, తక్కువుంటాయి.

తెల్లమచ్చకి రెండు ప్రశ్నలు. బండి కడిగి తడి ఆరకముందే ఎప్పుడైనా కప్పారా? వానలో తడిసిన కవర్‌ని అలాగే బండి మీద వదిలేశారా?


#9 నల్లబండి | సోమవారం, ఉదయం 7:15

మాస్టారూ, ఇప్పుడే చూసొచ్చా. రూఫ్ మధ్యలో నిజంగానే తక్కువున్నాయి.

రెండు తప్పులూ చేశాను. ఆదివారం సాయంత్రం కడిగి, తడి మీద దుమ్ము పడుతుందేమోనని వెంటనే కప్పేవాణ్ని. పోయిన నెల వానలప్పుడు నాలుగు రోజులు ఊళ్లో లేను. వచ్చి కవర్ తీస్తే లోపలంతా బొట్లుబొట్లుగా నీళ్లు, ముక్కిన వాసన. బానెట్ మీద కవర్ గుంట పడి నీళ్లు నిలిచిన చోటే ఆ మచ్చ ఉంది, ఇప్పుడు గుర్తొస్తోంది.


#10 పాలిష్ మాస్టారు | సోమవారం, ఉదయం 7:40

అదే. తడి గుడ్డ రోజుల తరబడి అతుక్కునుంటే, పైన ఎండ కాస్తే, లోపలి నీరు ఆవిరై క్లియర్ కోట్‌లోకి దిగుతుంది. రంగు కూడా తేమ పీలుస్తుందండీ, ఇనుప రేకు అనుకోకండి. ముదిరితే పొక్కులు కూడా లేస్తాయి, మీది ఆ దాకా పోలేదు. కవర్ జోలికి పోకుండా నాలుగైదు రోజులు పొడి గాలికీ ఎండకీ వదిలేయండి. పైపైనే పట్టిన తేమ అయితే మచ్చ దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే అప్పుడు పాలిష్ సంగతి చూద్దాం. ఈలోపు ఎవరు ఏ క్రీమ్ ఇచ్చినా రుద్దొద్దు.


#11 వానచుక్క | సోమవారం, ఉదయం 9:05

నాకో డౌటు. వాటర్‌ప్రూఫ్ అంటే నీళ్లు లోపలికి రానివ్వనిది కదా. మరి లోపల నీళ్లెలా వచ్చాయి? చిల్లు పడిందా?


#12 కుట్టుమిషను | సోమవారం, మధ్యాహ్నం 1:30

చిల్లు అక్కర్లేదు తమ్ముడూ. చల్లటి నీళ్లు పోసిన చెంబుకి బయట చెమట పట్టదూ? ఇదీ అంతే. వాన పడ్డాక కింద నేలంతా తడి. ఆ తేమ ఆవిరై కవర్ కింది అంచునుంచి లోపలికి ఎక్కుతుంది. తెల్లవారుజామున బండి రేకు చల్లబడగానే దానిమీద బొట్లు కడుతుంది. కవర్‌కి గాలి ఆడే గుణం ఉంటే పొద్దెక్కాక ఆరిపోతుంది. ప్లాస్టిక్ జాతి కవరైతే పోయే దారి లేదు, అన్నం గిన్నె మూత లోపలి నీళ్లలా అక్కడక్కడే తిరుగుతుంటుంది. పైనుంచి చుక్క దిగనివ్వని గుడ్డే లోపలి చుక్కని బయటికి పోనివ్వదు. కొనేవాళ్లు సగమే అడుగుతారు, అమ్మేవాళ్లు సగమే చెప్తారు.

మేం సీటు కవర్లు, బండి కవర్లు కుడతాం కాబట్టి గుడ్డల గురించి నాలుగు ముక్కలు.

పీవీసీ, రెగ్జిన్, టార్పాలిన్ పట్టాలు: బండి మీద వద్దే వద్దు. గాలి ఆడదు. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి పదార్థం ఎండకి బయటికొచ్చి రంగుకి అంటుకుంటుంది. నల్ల బండి మీద కనపడకపోవచ్చు గానీ తెల్ల బండి మీద పసుపు మరకలు చూశాను.

పాలిస్టర్ టఫేటా: బజార్లో ఎక్కువగా దొరికేది ఇదే. 190టీ, 210టీ అని రాసుంటుంది. చాలామంది అదేదో నీటిని ఆపే లెక్క అనుకుంటారు. కాదు. ఒక చదరపు అంగుళంలో నిలువు పోగులూ అడ్డపోగులూ కలిపితే వచ్చే లెక్క అది, నేత చిక్కదనం. నీటిని ఆపేది వెనక పూసిన పూత. వెండి రంగు పూత ఉన్న కవర్ పాతబడితే చేతికి బూడిద అంటుతుంది. అంటిందంటే ఆ కవర్ పని అయిపోయింది, ఆ పొడి బండి మీద కూడా పడుతుంటుంది.

నేయని గుడ్డ: దీన్నే నాన్‌వోవెన్ అంటారు, ఆసుపత్రి మాస్కుల జాతి. మూడు నాలుగు పొరలుంటాయి. మంచి రకాల్లో మధ్య పొరకి కంటికి కనపడని రంధ్రాలుంటాయి. నీటి చుక్క పట్టదు, ఆవిరి పడుతుంది. ఆరుబయటికి నా ఓటు దీనికే, ఒక షరతు మీద: ఎండకి తట్టుకునే మందు కలిపినదై ఉండాలి. లేకపోతే కొన్ని నెలలకే పెళుసెక్కి, పట్టుకుంటే చినిగి చేతిలోకొస్తుంది.

నూలు ఫ్లానెల్: మెత్తన, నిజమే. కానీ తడిస్తే దుప్పటిలా బరువెక్కి ఆరదు, బూజు పడుతుంది, దుమ్ము పోగులకి పట్టుకుని వదలదు. పాత గేరు గారి షెడ్డుకి బంగారం, నల్లబండి గారి చెట్టుకి శనిగ్రహం. సాగే సాటిన్ గుడ్డవి కూడా షెడ్డు సరుకే.

గాలి ఆడుతుందో లేదో తెలుసుకోవాలంటే గ్లాసులో పొగలు కక్కే వేడి నీళ్లు పోసి, కవర్ గుడ్డని పైన బిగించి పట్టుకుని, దానిమీద పొడి గాజు గ్లాసు బోర్లించండి. కాసేపటికి పై గ్లాసు లోపల మసక కమ్మితే ఆవిరి దాటుతోందన్నమాట. గ్లాసు తేటగా ఉండి గుడ్డ అడుగున మాత్రం నీళ్లు కారుతుంటే, రేపు మీ బండి లోపల జరిగేదీ అదే.

ఇంకోటి కుట్లు. సూది దిగిన ప్రతి కన్నమూ నీటికి దారే. చాలా కవర్లలో రూఫ్ నడిమధ్య నిలువునా ఒక కుట్టు ఉంటుంది, సరిగ్గా నీళ్లు నిలిచే చోట. కుట్టు పక్కలకి ఉన్నది చూసుకోండి, లేదా లోపల్నుంచి టేపు అతికించి ఉందేమో తిప్పి చూడండి. మేం రెండుసార్లు మడిచి కుడతాం. కంపెనీలవి చాలావరకు ఒంటి మడతే.


#13 వానచుక్క | సోమవారం, రాత్రి 8:50

గ్లాసు పరీక్ష చేశా. నా కవర్ ఫెయిల్. పరీక్ష చేస్తుంటే మా అమ్మ చూసి "కారు కవర్‌కి ఆవిరి పడుతున్నావా, జలుబు చేసిందా దానికి?" అంది.


#14 సముద్రం మీద | సోమవారం, రాత్రి 11:20

నా సంగతి వేరు. ఓడ మీద ఉద్యోగం, నాలుగైదు నెలలు బండి కదలదు. నాకు కవర్ లేకపోతే గడవదు. కాబట్టి కవర్ మానేయాలనే మాట అందరికీ వర్తించదు. కదిలే బండికి కవర్ గండం, కదలని బండికి అండ, నా అనుభవం ఇది.

వెళ్లే ముందు రోజు షాంపూతో కడిగించి, తలుపు సందులు, నంబరు ప్లేటు వెనక, అద్దాల మూలలు కూడా ఆరేదాకా ఆగుతాను. ఒకసారి అద్దం లోపల దాక్కున్న నీళ్లు తర్వాత కారి, తలుపు మీద గీతలా మరక కట్టింది. అందుకే కడిగాక ఒక చుట్టు తిప్పుకొస్తాను, గాలికి నీళ్లన్నీ బయటపడతాయి, బ్రేకులు కూడా ఆరతాయి. టైర్లలో గాలి నిండుగా పట్టిస్తాను. చదునైన చోట ఆపి, చక్రాలకి అడ్డు పెట్టి, గేర్లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వదిలేస్తాను. లాగి ఉంచితే తడికి బ్రేకు పట్టేసే ప్రమాదం ఉంది. బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీస్తాను. కవర్ అన్నిటికంటే చివర.

నెలకోసారి మా తమ్ముడు వచ్చి, గాలి పొడిగా ఉన్న రోజు చూసి, కవర్ పక్కలు పైకెత్తి సాయంత్రం దాకా వదిలేస్తాడు. వాడికి చెప్పింది ఒక్కటే: లాగొద్దు, ఎత్తు.


#15 ఎలుకబోను | మంగళవారం, ఉదయం 8:10

అక్కా, మీ బండిలో ఎలుకలు దూరలేదా? మాది కవర్ కప్పి మూణ్నెల్లు వదిలేస్తే లోపల కాపురం పెట్టాయి. చీకటి, వెచ్చన, పైన గాలి తగలని ఇల్లు, వాటికింకేం కావాలి? ఏసీ ఫిల్టరు కొరికి గూడు కట్టాయి, ఇంజను దగ్గర తీగలు నాలుగు తెంపాయి. కవర్ డబ్బులు కాదు, వైరింగ్‌కి అయింది అసలు ఖర్చు. కవర్ వేసేవాళ్లు వారానికోసారి బానెట్ ఎత్తి చూడండి. ఎలుకలకి వెలుగు గిట్టదు, మనిషి అలికిడి అసలు గిట్టదు.


#16 సముద్రం మీద | మంగళవారం, ఉదయం 8:45

దూరాయి తమ్ముడూ, మొదటిసారే. అప్పట్నుంచి మా తమ్ముడు బానెట్ కూడా తెరుస్తాడు.


#17 హడావిడి | మంగళవారం, మధ్యాహ్నం 12:00

నేను చేసిన ఘనకార్యం కూడా రాసుకోండి. గంటన్నర హైవే మీద వచ్చి, వాన మొదలవుతోందని దిగీదిగగానే కవర్ కప్పేశా. పది నిమిషాల్లో ప్లాస్టిక్ కాలిన కంపు. వెనక కవర్ అంచు సైలెన్సర్ గొట్టానికి కరిగి నల్లటి బంకలా అతుక్కుంది. ఆ తర్వాత బండి స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఆ వాసనే. గొట్టం పూర్తిగా చల్లారాక ప్లాస్టిక్ గరిటెతో గీకి గీకి పోగొట్టా.

బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లారిందనుకుంటాం. సైలెన్సర్ చల్లారడానికి ఇంకా సేపు పడుతుంది. ఇప్పుడు అరగంట, ముప్పావుగంట ఆగనిదే కవర్ ముట్టుకోను.


#18 పాత గేరు | మంగళవారం, సాయంత్రం 5:30

మొదటి రోజు గొప్పలకి పోయాను కాబట్టి ఇప్పుడు పనికొచ్చే ముక్క చెప్తాను. నల్లబండి గారు తీసి డిక్కీలో పడేస్తానన్నారు చూశారా, నాకు గుండె కలుక్కుమంది. పడేశాక పైవైపు దుమ్ము లోపలివైపుకి అంటుతుంది. మర్నాడు ఆ దుమ్మునే బండికి రుద్దుతారు.

తీసే పద్ధతి ఇది. ముందు నాలుగు పక్కలా ఎలాస్టిక్ వదులు చేయండి. ఎడమవైపు అంచు పట్టుకుని ఎత్తి రూఫ్ మధ్యదాకా మడవండి. కుడివైపు కూడా అంతే. పైవైపు దుమ్మంతా మడతల లోపలికి పోతుంది, దుమ్ముకి దుమ్మే తగులుతుంది. ఇప్పుడు బండి పొడవునా చాపలా ఒక పట్టీ మిగిలింది కదా, దాన్ని వెనక బంపర్ దగ్గర్నుంచి చుట్టుకుంటూ ముందుకి రండి. చుట్టేటప్పుడు ఎత్తి చుట్టాలి, ఈడ్చకూడదు. బానెట్ దాకా చుట్టేసి, తీసి సంచిలో పెట్టేయండి.

వేసేటప్పుడు ఇదే తిరగేసి. చుట్టని బానెట్ మీద పెట్టి, రూఫ్ మీదుగా వెనక్కి విప్పుకుంటూ పోయి, ఆ తర్వాత పక్కలు దించుకోవాలి. ఎక్కడా లాగే పని లేదు. ముందువైపు ఏదో గుర్తుండేలా రంగు దారంతో ఒక కుట్టు వేయించుకోండి, లేకపోతే సగం విప్పాక తిరగేసి వేశామని తెలుస్తుంది. ఇద్దరుంటే రెండు నిమిషాలు, ఒక్కరే అయితే అయిదు. మా ఇంట్లో ఇద్దరం వేస్తాం, ఆ రెండు నిమిషాల్లోనే నాలుగుసార్లు పోట్లాడుకుంటాం, అది వేరే సంగతి.


#19 స్టెప్నీ | మంగళవారం, సాయంత్రం 6:05

పాత గేరు గారూ, క్షమించాలి, మొదట వెటకారం చేశాను. ఇది మాత్రం అందరూ రాసిపెట్టుకోవాల్సిన ముక్క.

సైజు గురించి ఎవరూ అనలేదు. "సెడాన్‌ది ఇవ్వండి" అని కొంటే ఏ సెడాన్‌కీ సరిపోనిది వస్తుంది. బండి పుస్తకంలో పొడవు, వెడల్పు, ఎత్తు మిల్లీమీటర్లలో ఉంటాయి, అవి చూసి కొనండి. వదులైతే గాలికి తెరచాపలా ఎగిరి రుద్దుతుంది, బిగుతైతే మూలలు ఒరుస్తాయి. అద్దాలకి జేబులు ఉండాలి. యాంటెన్నా పొడుగ్గా ఉంటే ఊడదీయండి, లేదా దానికీ ఒక జేబు. ఎలాస్టిక్‌ని నమ్ముకోవద్దు, ఏడాదికల్లా సాగిపోతుంది. బండి కడుపు కిందనుంచి వచ్చే బకిల్ పట్టీలు రెండుంటే గాలికి కదలదు. బకిల్ ఇనుముదైతే వద్దు, అవతలి పక్కకి విసిరినప్పుడు తలుపుకే కొడుతుంది. అనుభవం. అడక్కండి.


#20 చార్జింగ్ 80 | మంగళవారం, రాత్రి 9:15

కరెంటు కారుకి చార్జింగ్ పెట్టి కవర్ వేయొచ్చా? చార్జింగ్ మూతకి జిప్పు ఉన్న కవర్ చూశాను.


#21 పాలిష్ మాస్టారు | మంగళవారం, రాత్రి 9:40

చార్జింగ్ అవుతున్నప్పుడు బ్యాటరీ, చార్జర్ వేడెక్కుతాయి, చల్లబరిచే ఫ్యాన్లకి గాలి కావాలి. మీ బండి పుస్తకంలో ఏం రాసుందో అదే చేయండి. నన్నడిగితే చార్జింగ్ అయ్యాకే కప్పమంటాను.

ఇంకో మాట అందరికీ. ఎక్కడైనా తగిలించి ఒక తలుపుకి కొత్తగా రంగు వేయించుకుంటే, ఆ బండికి కనీసం నెల రోజులు కవర్ వద్దు. పైకి ఆరినట్టుంటుంది గానీ లోపలి థిన్నర్ ఇంకా బయటికి పోతూ ఉంటుంది. కప్పేస్తే పోయే దారి లేక రంగు మెత్తబడుతుంది, కవర్ నేత అచ్చుగుద్దినట్టు దిగుతుంది. సిరామిక్ కోటింగ్ చేయించినవాళ్లు కూడా చేసినతను చెప్పిన రోజులు ఆగండి.


#22 నల్లబండి | బుధవారం, ఉదయం 7:00

ఇంత చదివాక రోజూ కవర్ మానేద్దామనే అనిపిస్తోంది. కానీ మరి ఎండ? పిట్ట రెట్టలు? హెడ్‌లైట్లు పసుపెక్కిపోతాయంటారు. ముందు నుయ్యి వెనక గొయ్యి లాగుంది.


#23 పాలిష్ మాస్టారు | బుధవారం, ఉదయం 7:35

ఎండని తక్కువ చేయను. హెడ్‌లైటు పైన ఉండేది గాజు కాదు, పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. ఏళ్ల తరబడి ఎండ తింటే పసుపెక్కి మసకబారుతుంది. డ్యాష్‌బోర్డు, రబ్బరు బీడింగులు, వైపర్ రబ్బరు కూడా అంతే. కానీ అదంతా ఏళ్ల లెక్క, మీ గీతలు ఏడు నెలల లెక్క. రోజూ తిరిగే బండి సగం పూట ఎలాగూ ఆఫీసు దగ్గర ఎండలోనే ఉంటుంది కదా, అక్కడ కవర్ వేస్తున్నారా? మరి రాత్రిపూట వేసి ఏ ఎండని ఆపినట్టు?

రెట్ట మాత్రం శత్రువే. అందులో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండకి రంగు పొర వేడెక్కి వ్యాకోచిస్తుంది, సాయంత్రం చల్లబడి ముడుచుకుంటుంది, పైన గట్టిపడ్డ రెట్ట ఆకారానికి రంగు గుంటపడుతుంది. ఎండాకాలం కొన్ని గంటల్లోనే మచ్చ దిగిపోవచ్చు. దానికి మందు కవర్ కాదు, తొందర. ఒక చిన్న సీసాలో నీళ్లు, ఒక మైక్రోఫైబర్ గుడ్డ డిక్కీలో పెట్టుకోండి. గుడ్డ తడిపి రెట్ట మీద రెండు నిమిషాలు కప్పి ఉంచి, నానాక పైకెత్తినట్టు తీయండి. గోటితో గీకొద్దు, పొడిగా తుడవొద్దు, అందులో కూడా గింజలు, ఇసుక ఉంటాయి. చెట్టు జిగురు అయితే గోరువెచ్చటి నీళ్లు.

అన్నిటికంటే ముందు ఆ చెట్టు కింద నుంచి నాలుగు అడుగులు జరపండి మహాప్రభో.


#24 స్టెప్నీ | బుధవారం, ఉదయం 7:50

"రాత్రిపూట వేసి ఏ ఎండని ఆపినట్టు?" మాస్టారూ, దండం.


#25 నల్లబండి | మూడు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 6:20

ఇన్నాళ్లు మాట్లాడకపోతే ఏమైపోయానో అని కొందరు మెసేజ్ పెట్టారు. ఇదిగో జరిగింది.

చెట్టు కింద నుంచి బండి జరిపాను. నాలుగు అడుగులు కాదు, అవతలి గోడ వారకి. పొద్దున తొమ్మిది దాకా గోడ నీడ వస్తుందని ఏడు నెలల్లో గమనించలేదు. తెల్లమచ్చ నాలుగో రోజుకి సగమైంది, పదో రోజుకి రూపాయి బిళ్లంత మిగిలింది, ఇక అక్కడ ఆగింది. పాలిష్‌కి ముందు రంగు మందం కొలిచే మిషను పెట్టించాను. బానెట్ మీద 118 మైక్రాన్లు చూపించింది. ఆ బిళ్లంత చోటే పాలిష్ పట్టించాను, పోయింది. డిక్కీ అంచు గీతలు ఒక పూట పనికి చాలావరకు తగ్గాయి. పిడుల దగ్గరివి లోతుగా ఉన్నాయి, వాటిని వదిలేయమన్నాడు పాలిష్ పట్టినతను. ఉన్న పొరని కాపాడుకోమన్నాడు, మన మాస్టారి మాటే.

రోజూ కవర్ మానేశాను. ముందద్దానికి లోపల్నుంచి పెట్టే ఎండమడత ఒకటి కొన్నాను, డ్యాష్‌బోర్డుకి అది చాలు. పొద్దున దుమ్ముని పొడి గుడ్డతో తుడిచే అలవాటు కూడా మానేశాను, అది కూడా ఉప్పుకాగితమే అని ఆలస్యంగా వెలిగింది. వారానికోసారి నీళ్లు ధారగా కొట్టి, అప్పుడు షాంపూ.

వచ్చే నెల రెండు వారాలు ఊరెళ్తున్నాం. దానికోసం నేయని గుడ్డ కవర్, కడుపు పట్టీలు ఉన్నది తెప్పించాను. గ్లాసు పరీక్ష పాసైంది. పాత గేరు గారి పద్ధతిలో వేసి తీయడం రెండుసార్లు సాధన చేశాం. మేమూ పోట్లాడుకున్నాం.


#26 పాత గేరు | శనివారం, సాయంత్రం 6:45

పోట్లాట లేకుండా కవర్ సరిగ్గా పడదండీ. ముందువైపు రంగు దారం కుట్టించారా?


#27 నల్లబండి | శనివారం, సాయంత్రం 6:50

ఎర్ర దారం. మా ఆవిడే కుట్టింది. కుట్టాక చూస్తే వెనకవైపు.


#28 వానచుక్క | శనివారం, రాత్రి 7:30

😂 మరి ఆ నాలుగు ప్రూఫుల పాత కవర్ ఏం చేశారు సార్?


#29 నల్లబండి | శనివారం, రాత్రి 7:42

మేడ మీద ఇనుప నిచ్చెనకి కప్పాను. దానికి గీతలు పడినా అడిగేవాడు లేడు. నిన్న వానకి తీసి చూస్తే నిచ్చెనకి కూడా చెమట పట్టింది.